వైర్‌షార్క్ రివ్యూ: రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్ ఎందుకు స్లో అవుతోందో దీంతోనే తేలింది

వైర్‌షార్క్ అనగానే చాలామందికి హ్యాకర్లు వాడే సాఫ్ట్‌వేర్ అని ఒక ముద్ర పడిపోయింది, హుడీ వేసుకున్నోడి బొమ్మ పక్కన ఆ నీలం రంగు షార్క్ రెక్క పెట్టి వీడియోలు చేస్తే పడక ఏమవుద్ది. అసలు ఇది చేసేది ఏంటంటే, కంప్యూటర్ నెట్‌వర్క్‌లో వచ్చే పోయే డేటా ముక్కల్ని (ప్యాకెట్లు) పట్టి చూపిస్తది. నా వరకు మాత్రం ఇది ఆఫీసులో సిస్టమ్స్ చూసుకునేవాడి దగ్గర స్క్రూడ్రైవర్ తర్వాత ఉండాల్సిన వస్తువు. ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్ మ్యాక్ లినక్స్ అన్నిట్లో నడుస్తది. జెరాల్డ్ కోంబ్స్ అనే ఆయన 1998లో ఈథిరియల్ అనే పేరుతో దీన్ని బయటపెట్టాడు, పేరు హక్కుల గొడవ వల్ల 2006లో వైర్‌షార్క్ అయింది. వాడటం ఈజీయా అంటే కాదు, అది ముందే చెప్పేస్తున్నా. 5కి 4 ఇస్తా. ఆ ఒక్కటి ఎందుకు కోశానో మధ్యలో చెప్తా.

ఊరికే ఫీచర్లు చదివి రాసే రివ్యూ కాదిది, మా దగ్గర దీంతో పట్టుకున్న ఒక ప్రాబ్లం చెప్తే ఇది దేనికి పనికొస్తుందో దేనికి రాదో మీకే అర్థమవుద్ది.

నేను చూసుకునేది విజయవాడలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్. కింద రిసెప్షన్, బ్లడ్ కలెక్షన్, ల్యాబ్. పైన డాక్టర్ల గదులు, స్కానింగ్. రిపోర్టుల సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే ఓపెన్ అవుద్ది, అది ఒక సెంటాస్ 7 (లినక్స్‌లో ఒక రకం) సర్వర్ మీద నడుస్తోంది (సెంటాస్ 7కి సపోర్ట్ 2024 జూన్ 30తోనే అయిపోయింది, మార్చండి మార్చండి అని నేను అడుగుతూనే ఉన్నా, సరే అది వేరే కథ). ఆ సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి కింద ఫ్లోర్ నెట్‌వర్క్‌లో 192.168.1.10, ఇంకోటి పై ఫ్లోర్‌లో 192.168.2.10. స్కానింగ్ బొమ్మలు పెద్ద పెద్ద ఫైళ్ళు, అవన్నీ రౌటర్ గుండా ఎందుకు తిరగాలి, పైవాళ్ళకి డైరెక్టుగా ఒక కార్డు ఇచ్చేద్దాం అని సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్ళ ఐడియా. వినడానికి బానే ఉంది. రౌటర్‌లో డీఎన్‌ఎస్ (పేరు కొడితే దాని అడ్రస్ చెప్పేది) పేరు ఒకటే పెట్టి దానికి రెండు అడ్రస్‌లూ ఇచ్చేశారు, ఎవరు ఏ ఫ్లోర్‌లో ఉన్నా ఒకే పేరు కొడితే సరిపోద్దని.

ఇక కంప్లయింట్ ఏంటంటే, రిసెప్షన్‌లో పేషెంట్ నిలబడి ఉంటాడు, అమ్మాయి రిపోర్ట్ పేజీ నొక్కుతుంది, అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటది, ఒక పావు నిమిషం పైనే తిరిగి టక్కున ఓపెన్ అవుద్ది, ఇక ఆ తర్వాత ఎన్ని పేజీలు నొక్కినా పరుగే పరుగు. కాసేపు వదిలేసి మళ్ళీ వస్తే మళ్ళీ తిరుగుడు. "సార్ మళ్ళీ తిరుగుతోంది" అని ఫోన్ వచ్చి నేను పరిగెత్తుకెళ్ళేసరికి బానే ఉంటది. ఫలానా కంప్యూటర్‌కే అని లేదు, ఫలానా ఫ్లోర్‌కే అని లేదు.

ఇలాంటప్పుడు ఒక్కొక్కళ్ళు ఒక్కోటి చెప్తారు. ఇంటర్నెట్ స్లో అంటాడు ఒకడు, లోపలే ఉన్న సర్వర్‌కి ఇంటర్నెట్‌తో ఏం పని. స్విచ్ మార్చమంటాడు ఇంకొకడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళనడిగితే ర్యామ్ పెంచండి అన్నారు, సర్వర్‌లో సగం ర్యామ్ ఖాళీగా కూర్చుని ఉంది. కేబుల్ అనుమానం నాకూ వచ్చింది కాబట్టి అది ముందు చూశా, గిగాబిట్ లింక్‌కి కేబుల్లో నాలుగు జతలూ సరిగ్గా ఉండాలి, రెండు జతలే ఆడితే 100 మెగాబిట్ల దగ్గర ఆగిపోద్ది, కానీ ఈథ్‌టూల్‌లో (కార్డు స్పీడ్ చూపించే లినక్స్ కమాండ్) రెండు కార్డులూ 1000 ఫుల్ డ్యూప్లెక్స్ (రెండు వైపులా పూర్తి స్పీడ్) అనే చూపించాయి. స్పీడ్ కొలిచే ఐపెర్ఫ్ పెడితే 930 మెగాబిట్ల పైనే, గిగాబిట్ మీద అంతకంటే రాదు కూడా. పింగ్ (అటు తట్టి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటం) ఒక మిల్లీసెకను లోపే. అంటే స్పీడుకేం రోగం లేదు, అయినా జనం స్లో అంటున్నారు, వాళ్ళు చెప్పేదీ నిజమే.

అప్పుడు పెట్టా వైర్‌షార్క్.

ఇన్‌స్టాల్ గురించి రెండు మాటలు. విండోస్‌లో దీంతో పాటు ఎన్‌పీక్యాప్ అనే ఇంకోటి అడుగుద్ది, దానికి సరే అనాలి, అది లేకపోతే ప్యాకెట్లు పట్టలేదు, పాత ఫైళ్ళు ఓపెన్ చేసి చూడటానికి మాత్రమే పనికొస్తది. లినక్స్‌లో రూట్‌గా (పూర్తి అధికారాలతో) నడపొద్దు, మీ యూజర్‌ని వైర్‌షార్క్ గ్రూపులో వేసుకుంటే చాలు. ఓపెన్ చేయగానే మీ సిస్టమ్‌లో ఉన్న కార్డులన్నీ వరసగా కనపడతాయి, పక్కనే చిన్న గీత ఎగిరెగిరి పడుతుంటే అందులో ట్రాఫిక్ ఉన్నట్టు. కంట్రోల్ పట్టుకుని రెండు కార్డులు ఒకేసారి సెలెక్ట్ చేయొచ్చు, ఏ ప్యాకెట్ ఏ కార్డులోంచి వచ్చిందో కూడా ఫైల్లో రాసి పెట్టుకుంటది. రెండు కార్డుల మెషీన్ మీద పనిచేసేవాళ్ళకి ఈ ఒక్క ఫీచర్ చాలు, ఇది చాలామందికి తెలీదు, ఒకదాని తర్వాత ఒకటి పట్టి టైములు కలుపుకోలేక తల బాదుకుంటారు.

ఇక క్యాప్చర్ మొదలెట్టగానే స్క్రీన్ నిండా రంగురంగుల లైన్లు వరదలా వచ్చేస్తాయి, కొత్తవాళ్ళు ఇక్కడే భయపడి క్లోజ్ చేసేస్తారు. నేను కోసిన ఆ ఒక్క మార్కు ఇందుకే. పైగా దీంట్లో ఫిల్టర్లు రెండు రకాలు, పట్టేటప్పుడు పెట్టేది ఒకటి, పట్టాక చూసేటప్పుడు పెట్టేది ఇంకోటి, రెండింటికీ రాసే పద్ధతి వేరు. ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో పెడితే బాక్స్ ఎర్రగా అవుద్ది, ఎందుకయ్యిందో సరిగ్గా చెప్పదు. ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేర్, ఇంకా ఇలాగే ఉంది. చూసే ఫిల్టర్ మాత్రం ఒక్కసారి చేతికలవాటైతే వదల్లేరు, టైప్ చేస్తుంటే అదే సలహాలిస్తుంది, ఏదైనా ప్యాకెట్లో ఒక ఫీల్డ్ మీద రైట్ క్లిక్ కొట్టి దీన్నే ఫిల్టర్ చెయ్ అంటే అదే రాసుకుంటది.

రిసెప్షన్ సిస్టమ్‌లో క్యాప్చర్ పెట్టి, సిన్ ఫ్లాగ్ ఉండి అక్ ఫ్లాగ్ లేనివి మాత్రమే చూపించు అని ఫిల్టర్ కొట్టా. కనెక్షన్ మొదలుపెట్టే మొదటి ప్యాకెట్టే సిన్, అటునుంచి సిన్ అక్ వస్తే కనెక్షన్ కలిసినట్టు. మామూలుగా ఒక కనెక్షన్‌కి ఒక్క సిన్ ఉండాలి. ఇక్కడ చూస్తే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలతో టీసీపీ రీట్రాన్స్‌మిషన్ అని ఒకదాని కింద ఒకటి. మొదటి సిన్ పోయింది జవాబు లేదు, కాసేపాగి మళ్ళీ పంపింది లేదు, ఆ గ్యాప్ ప్రతిసారీ డబుల్ అవుతూ మళ్ళీ పంపింది లేదు. విండోస్ దాదాపు 21 సెకన్లు ఇలా ప్రయత్నించి వదిలేస్తది. వదిలేసిన వెంటనే ఇంకో సిన్, దానికి మిల్లీసెకనులో జవాబు, పేజీ ఓపెన్.

అసలు విషయం డెస్టినేషన్ కాలమ్‌లో ఉంది. కింద ఫ్లోర్‌లో ఉన్న ఈ సిస్టమ్ మొదట తట్టింది 192.168.2.10ని, అంటే పై ఫ్లోర్ కార్డుని. అక్కడ జవాబు రాక చివరికి 192.168.1.10కి వచ్చింది. క్యాప్చర్‌లో అంతకు ముందున్న డీఎన్‌ఎస్ జవాబు చూస్తే రెండు అడ్రస్‌లూ వచ్చాయి, ఈసారి 2.10 ముందు ఉంది. వరస మారినప్పుడు అదృష్టం, మారకపోతే 21 సెకన్లు. ఒకసారి కలిశాక బ్రౌజర్ ఆ కనెక్షన్ని కాసేపు ఓపెన్‌గానే ఉంచుకుంటుంది కాబట్టి తర్వాతి పేజీలన్నీ పరుగు, ఖాళీగా వదిలేస్తే కనెక్షన్ క్లోజ్ అయ్యి మళ్ళీ మొదటికి. నేను వెళ్ళేసరికి బాగవడానికి కారణం కూడా ఇదే, నేను మెట్లు దిగి వచ్చే లోపు ఆ 21 సెకన్లు అయిపోతాయి.

పింగ్‌లో ఎందుకు దొరకలేదంటే, కిందవాళ్ళు కింది అడ్రస్‌నే, పైవాళ్ళు పై అడ్రస్‌నే పింగ్ చేస్తున్నారు, అవి ఎప్పుడూ బానే ఉన్నాయి. ఎవడూ అడ్డంగా కొట్టి చూడలేదు.

సరే, తప్పు అడ్రస్‌కి పోయింది అనుకుందాం, అది కూడా అదే సర్వర్ కదా, మధ్యలో రౌటర్ ఉంది రెండు నెట్‌వర్కులకీ దారి ఉంది, మరి జవాబెందుకు లేదు? దీనికి సర్వర్ వైపు చూడాలి. సర్వర్లో డెస్క్‌టాప్ ఉండదు కాబట్టి అక్కడ టీసీపీడంప్‌తో (కమాండ్‌తో ప్యాకెట్లు పట్టే టూల్) పట్టి ఆ ఫైల్ తెచ్చి నా ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్‌లో ఓపెన్ చేశా, దాని ఫైళ్ళు వైర్‌షార్క్ చదువుద్ది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. చూస్తే సిన్ ప్యాకెట్ రౌటర్ గుండా తిరిగి రెండో కార్డు దాకా శుభ్రంగా వచ్చింది. వచ్చి, అక్కడితో సరి. రెండు కార్డుల్లో దేంట్లోనూ జవాబు బయటికి పోలేదు. వచ్చిన ఉత్తరాన్ని గుమ్మం లోపలే ఎవరో చింపేస్తున్నట్టు.

ఇక్కడ వైర్‌షార్క్ పని అయిపోయింది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కార్డు దగ్గరికి వచ్చిందా లేదా, కార్డు నుంచి పోయిందా లేదా అన్నదే అది చూపిస్తది. మధ్యలో లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) దాన్ని ఎందుకు పారేసిందో దానికి తెలీదు. పారేసింది ఎవరంటే రివర్స్ పాత్ ఫిల్టర్, ఆర్‌పీ ఫిల్టర్ అంటారు. దీని లాజిక్ ఏంటంటే, ఒక కార్డులో ప్యాకెట్ వచ్చినప్పుడు కెర్నల్ ఇలా అడుగుద్ది, "ఈ పంపినవాడికి నేనిప్పుడు జవాబివ్వాలంటే ఏ కార్డు నుంచి పంపిస్తాను?" మనం పంపింది 192.168.1 నెట్‌వర్క్ సిస్టమ్, దానికి దారి మొదటి కార్డు. కానీ ప్యాకెట్ వచ్చింది రెండో కార్డులోంచి. లెక్క కుదరలేదు, ఎవడో దొంగ అడ్రస్‌తో పంపాడని పారేస్తుంది, కనీసం లేదు పో అని కూడా చెప్పదు. అలా రిజెక్ట్ కొట్టి ఉంటే బ్రౌజర్ తొందరగా రెండో అడ్రస్‌కి పోయేది, 21 సెకన్ల గొడవే ఉండేది కాదు.

ఇది బగ్ కాదు. దొంగ అడ్రస్‌లతో వచ్చే దాడులు ఆపడానికి పెట్టింది, 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3704 అనే ఇంటర్నెట్ పత్రంలో దీని వివరం ఉంటది, ప్యాకెట్ ఒక దారిలో వచ్చి జవాబు ఇంకో దారిలో పోయే చోట స్ట్రిక్ట్ కాకుండా లూజ్ పెట్టుకోండి అని లినక్స్ కెర్నల్ డాక్యుమెంట్లలో కూడా ఉంది. సెంటాస్ 7లో డీఫాల్ట్‌గా 1 ఉంటది, అంటే స్ట్రిక్ట్. 2 అంటే లూజ్ (ఏదో ఒక కార్డు నుంచి దారి ఉంటే చాలు), 0 అంటే ఆఫ్. ఇంకో తిరకాసు ఏంటంటే ఆల్ అనే (అన్ని కార్డులకీ కలిపి ఉండే) సెట్టింగూ కార్డు సెట్టింగూ రెండింట్లో ఏది పెద్దదైతే అదే పనిచేస్తది, ఆల్‌లో 0 పెట్టేసి ఆఫ్ చేశానుగా ఇంకా ఎందుకు పారేస్తోంది అని జుట్టు పీక్కునేవాళ్ళు చాలామంది ఉంటారు, కార్డుకి 1 ఉంటే ఆఫ్ అవదు. నిజంగా ఇదే కారణమా అని తేల్చుకోవాలంటే ఎన్‌స్టాట్ అనే కమాండ్‌లో ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అనే లెక్క ఉంటది, పేజీ తిరుగుతున్నంతసేపూ అది పెరుగుతుంటే దొరికినట్టే. మాకు పెరిగింది.

మార్చింది ఏంటో కూడా చెప్తా, లేకపోతే కామెంట్స్‌లో అందరూ అదే అడుగుతారు. ఆర్‌పీ ఫిల్టర్‌ని లూజ్ చేసేస్తే అయిపోద్ది అనుకుంటారు, మా సెటప్‌లో అది సగం వైద్యమే. ప్యాకెట్ లోపలికి వస్తది, కానీ జవాబు రౌటర్‌ని తప్పించుకుని మొదటి కార్డు నుంచి డైరెక్టుగా పోతది, అప్పుడు రౌటర్‌లో ఉన్న ఫైర్‌వాల్ ఒకవైపు సంభాషణే చూస్తుంది కాబట్టి తర్వాతి ప్యాకెట్లని చెల్లవని ఆపేసే అవకాశం ఉంది. అందుకని రెండు పనులు చేశా. మొదటిది డీఎన్‌ఎస్. మా రౌటర్‌లో డీఎన్‌ఎస్ పని చూసే డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ నడుస్తోంది, అందులో లోకలైజ్ క్వెరీస్ అని ఒక ఆప్షన్ ఉంది, అది పెడితే అడిగినవాడు ఏ నెట్‌వర్క్ నుంచి అడిగాడో ఆ నెట్‌వర్క్ అడ్రస్ మాత్రమే ఇస్తుంది, కిందవాళ్ళకి 1.10, పైవాళ్ళకి 2.10. ఈ ఒక్కదాంతోనే తిరుగుడు ఆగిపోయింది. రెండోది సర్వర్లో పాలసీ రౌటింగ్, అంటే ఒక్కో కార్డుకి విడిగా ఒక రౌటింగ్ టేబుల్ పెట్టి, ఏ అడ్రస్‌కి వచ్చినదానికి ఆ అడ్రస్ ఉన్న కార్డు నుంచే జవాబు పోవాలని రూల్ రాయడం. ఇది రాస్తే ఆర్‌పీ ఫిల్టర్ స్ట్రిక్ట్‌లో ఉన్నా ఒప్పుకుంటుంది, ఎందుకంటే దాని లెక్కలో కూడా ఈ రూల్సే చూస్తది. రేపు ఎవరైనా నేరుగా అడ్రస్ కొట్టి వచ్చినా ఇబ్బంది ఉండదు.

తర్వాత మళ్ళీ అదే సిన్ ఫిల్టర్ పెట్టి క్యాప్చర్ చూశా, నల్ల లైన్లు లేవు. ర్యామ్ కొనలేదు.

రెండు కార్డులున్న మెషీన్లకి ఇదొక్కటే జబ్బు అనుకోవద్దు, ఇంకా ఉన్నాయి, ఒక్కోటీ వైర్‌షార్క్‌లో ఒక్కో రకంగా కనపడుద్ది. రెండు కార్డులూ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టేస్తారు కొంతమంది, స్పీడ్ డబుల్ అవుద్దని. అవ్వదు. లినక్స్‌లో ఏ కార్డులో ఏఆర్‌పీ (ఈ ఐపీ అడ్రస్ ఎవరిది అనే ప్రశ్న) అడిగినా ఆ అడ్రస్ నాదే అని రెండు కార్డులూ జవాబిచ్చేస్తాయి, ఒకే ఐపీకి రెండు మ్యాక్ అడ్రస్‌లు (కార్డుల సొంత నంబర్లు) కనపడతాయి, వైర్‌షార్క్ డూప్లికేట్ ఐపీ అని పసుపు జెండా ఎత్తుద్ది. దానికి లినక్స్ సెట్టింగుల్లో ఏఆర్‌పీ ఇగ్నోర్ 1, ఏఆర్‌పీ అనౌన్స్ 2 పెట్టాలి, లేదా శుభ్రంగా బాండింగ్ (రెండు కార్డుల్ని ఒకటిగా కలపడం) చేయాలి. బాండింగ్‌లో కూడా రౌండ్ రాబిన్ మోడ్ (వంతులవారీగా పంపడం) పెడితే ప్యాకెట్లు వరస తప్పి వస్తాయి, అవుట్ ఆఫ్ ఆర్డర్, డూప్లికేట్ అక్ అని లిస్ట్ నిండిపోద్ది. ఎల్‌ఏసీపీ అనే మోడ్ పెడితే వరస బానే ఉంటది కానీ స్విచ్‌లో కూడా సెట్ చేయాలి, ఒక్క కనెక్షన్‌కి ఒక్క కార్డు స్పీడే వస్తదని ముందే ఓనర్‌కి చెప్పండి, లేకపోతే తర్వాత మీ మీద పడతారు. రెండు చివర్ల కార్డులకీ జంబో ఫ్రేమ్స్ (పెద్ద సైజు ప్యాకెట్లు) 9000 బైట్లు పెట్టి మధ్యలో స్విచ్ 1500 దగ్గరే ఉంటే ఇంకో రకం, కనెక్షన్ టక్కున కలుస్తది, చిన్న చిన్నవి పోతాయి, పెద్ద ఫైల్ మొదలెట్టగానే ఆగిపోద్ది, అవే పెద్ద ప్యాకెట్లు మళ్ళీ మళ్ళీ పంపుతూ కనపడుద్ది. విండోస్ సర్వర్ అయితే రెండు కార్డులకీ గేట్‌వే (బయటికి పోయే దారి) ఇచ్చారేమో చూడండి, ఒక్కదానికే ఉండాలి, బ్యాకప్ కార్డుకి డీఎన్‌ఎస్‌లో రిజిస్టర్ చెయ్ అన్న టిక్ తీసేయండి. సగం గొడవలు ఈ టిక్ దగ్గరే.

ఇంకా నచ్చనివి ఏమున్నాయంటే, స్విచ్‌లో ఏదో ఒక పోర్టుకి ల్యాప్‌టాప్ పెట్టి ఆఫీస్ ట్రాఫిక్ అంతా చూసేస్తా అనుకుంటే కుదరదు, మీ సొంత ప్యాకెట్లూ బ్రాడ్‌క్యాస్ట్‌లే వస్తాయి, పోర్ట్ మిర్రరింగ్ (వేరే పోర్టుల ట్రాఫిక్ కాపీ ఇవ్వడం) ఉన్న స్విచ్ కావాలి. ఇది వైర్‌షార్క్ తప్పు కాదు గానీ దాని మీద పడే తిట్లలో ఎక్కువ ఇవే. పంపే సిస్టమ్ మీదే క్యాప్చర్ చేస్తే 1500 బైట్లు దాటిన పెద్ద ప్యాకెట్లు కనపడతాయి, కార్డు తర్వాత ముక్కలు చేసుకుంటది కాబట్టి, అది చూసి ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) తప్పు అని పరుగులు పెట్టొద్దు. బిజీ సర్వర్ మీద గంట వదిలేస్తే ఫైల్ కొండంత అవుద్ది, మీ ల్యాప్‌టాప్ దాన్ని ఓపెన్ చేయలేక మూలుగుద్ది, ఫైల్ ఇంత సైజయ్యాక కొత్తది మొదలెట్టు, పాతవి కొట్టెయ్ అని రింగ్ బఫర్ ఆప్షన్ ఉంది, మొదటి రోజే అది పెట్టుకోండి. బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్ (డేటాకి తాళం వేసి పంపే పద్ధతి) ఉంటే లోపలి విషయం కనపడదు, కానీ స్లో ఎక్కడుందో పట్టడానికి లోపలిది అక్కర్లేదు, టైములు చాలు. టైమ్ కాలమ్‌ని ముందు ప్యాకెట్ నుంచి ఎంతసేపు అనే లెక్కకి మార్చుకుంటే పెద్ద అంకె ఉన్నచోటే మీ జబ్బు.

చివరగా ఒక్కటి, ఇది టూల్ గురించి కాదు దాంతో కనపడ్డదాని గురించి. మా రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌కి హెచ్‌టీటీపీఎస్ లేదు. సిన్‌ల కోసం పట్టిన ఫైల్లో ఫాలో టీసీపీ స్ట్రీమ్ అని యథాలాపంగా నొక్కితే పేషెంట్ పేరు, వయసు, టెస్ట్ రిజల్ట్, లాగిన్ పాస్‌వర్డ్‌తో సహా మొత్తం తెలుగు పేపర్ చదివినట్టు కనపడింది. ఆ ఫైళ్ళు వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, సాయం అడగాల్సి వస్తే పట్టేటప్పుడే ప్యాకెట్ హెడర్ల (అడ్రస్‌లు ఉండే ముందు భాగం) వరకే పట్టేలా సైజు తగ్గించి పట్టండి, పని అవగానే డిలీట్ చేయండి. మేనేజ్‌మెంట్‌కి చెప్పి ముందే పర్మిషన్ తీసుకుని చేశాను కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు, మీరూ అడక్కుండా చేయొద్దు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి స్క్రీన్‌షాట్ పంపి హెచ్‌టీటీపీఎస్ పెట్టమని అడిగా, నెక్స్ట్ వెర్షన్‌లో చూస్తాం సార్ అన్నారు, ఆ వెర్షన్ ఎప్పుడొస్తుందంటే మాత్రం సిన్ పంపినట్టే ఉంది, ఇంకా అక్ రాలేదు.